హిరేబెణకల్ కొండ మీద రాతి ఇళ్ళు

శుక్రవారం

కర్ణాటకలో గంగావతి దగ్గర మా బాబాయి వాళ్ళ ఊరికి వెళ్ళే దారిలోనే ముడుమాల్ ఉంది. గంగావతి పక్కనే హిరేబెణకల్‌లో ఉన్న వేల ఏళ్ళ నాటి సమాధుల కొండ ఎక్కేముందు ముడుమాల్‌లోని నిలువురాళ్ళు చూసి వెళ్దామని ముందే అనుకున్నాం. తెల్లవారకుండానే హైదరాబాదులో బయల్దేరి, మహబూబ్‌నగర్‌లో టిఫిన్ చేసి, మక్తల్ దాటి కృష్ణ మండలంలోకి వచ్చేసరికి ఎండ బాగానే ఎక్కింది. డిసెంబరు కాబట్టి సరిపోయింది. నాతో వచ్చింది మా బావ. సివిల్ ఇంజినీరు. ఏ కట్టడం చూసినా దాని బరువు ఎక్కడ ఆనుతోందో ముందు అది చూస్తాడు.

ముడుమాల్ కృష్ణా నది ఒడ్డు ఊరు. ఊరు దాటాక చేల మధ్య రాళ్ళు నిలబడి కనిపిస్తాయి. 10 నుంచి 14 అడుగుల ఎత్తున్నవి 80 దాకా, వాటి చుట్టుపక్కల వరసలుగా పాతిన చిన్న రాళ్ళు 3000 దాకా ఉన్నాయని లెక్క. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కె.పి. రావు గారు ఏళ్ళ తరబడి వీటిని అధ్యయనం చేశారు. ఈ వరసలకీ సూర్యుడి ఉదయాస్తమయాలకీ లంకె ఉందని, ఉత్తరాయణ దక్షిణాయనాల రోజుల్ని ఇక్కడ నిలబడి గుర్తించేవాళ్ళని ఆయన చెబుతారు. 2025 మార్చిలో, ప్రపంచ వారసత్వ గుర్తింపు కోసం పరిశీలించే చోట్లతో యునెస్కో ఉంచే తాత్కాలిక జాబితాలో ముడుమాల్ పేరు చేరింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు ఆపింది మాత్రం ఎత్తయిన రాళ్ళు కాదు. నేల మీద పడుకోబెట్టినట్టున్న ఒక బండ. దాని మీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. బొటనవేలు పెడితే సరిగ్గా పట్టేంత గుంటలు. వాటిలో కొన్నిటిని వరసగా చూపుతో కలుపుకుంటూ పోతే సప్తర్షి మండలం వస్తుంది. మా అమ్మమ్మ డాబా మీద పడుకోబెట్టి చూపించిన ఆకారమే. వేల ఏళ్ళ కిందట ఎవరో రాత్రి చూసింది గుర్తుపెట్టుకుని, పగలు కూర్చుని రాతి మీద గుంటలు కొట్టారు.

ఒక రాయికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఎల్లమ్మగా కొలుస్తున్నారు. మేం ఫోన్లు పట్టుకుని ఫొటోలు తీస్తుంటే పత్తి ఏరుతున్న ఒక పెద్దావిడ కేకేసింది. "వట్టిగ చూసి పోవద్దు సార్, మొక్కి పోండ్రి." చెప్పులు విప్పి మొక్కాం. ఇక్కడ పడగొట్టకుండా మిగిలిన రాళ్ళలో చాలావాటిని ఇన్నాళ్ళూ కాపాడింది ఈ మొక్కే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. చేను చదును చేసుకునేవాడికి రాయి అడ్డమే. దేవత అయితే అడ్డం కాదు.

మధ్యాహ్నం కృష్ణ వంతెన దాటి కర్ణాటకలోకి వెళ్ళాం. రాయచూరు, మాన్వి, సింధనూరు, కారటగి. కారటగి వచ్చేసరికి రోడ్డు పక్కన తెలుగు బోర్డులు మొదలయ్యాయి. చీకటి పడ్డాక బాబాయి వాళ్ళ ఊరు చేరాం, ఇక్కడ అలాంటి ఊళ్ళని క్యాంపులు అంటారు. పిన్ని గుత్తి వంకాయ, జొన్న రొట్టె పెట్టింది. ప్రయాణం బడలికకి కబుర్లు సాగలేదు, పడుకున్నాం.

శనివారం

ఈ క్యాంపుల సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. తుంగభద్ర ఆనకట్ట పని 1945లో మొదలైంది, అప్పటి నిజాం, మద్రాసు ప్రభుత్వాలు కలిసి మొదలుపెట్టాయి. 1953లో పూర్తయింది. ఎడమ కాలువకి నీళ్ళు వచ్చాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఇటు వచ్చి నల్లరేగడి కొన్నారు, తుమ్మ చెట్లు కొట్టి మళ్ళు కట్టారు. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటల్లా క్యాంపు అన్న పేరు నిలిచిపోయింది. మా చిన్నతాతయ్య అలా వచ్చినవాడే. బాబాయి ఇక్కడే పుట్టాడు. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం. మనం తినే సోనా మసూరిలో చాలా భాగం ఈ గంగావతి మిల్లుల నుంచి వచ్చేదే.

"ఆ కొండా? రోజూ బస్సులోంచి చూస్తూనే ఉంటాంరా. పైకి మాత్రం ఎప్పుడూ పోలేదు" అన్నాడు బాబాయి. "ఎలుగుబంట్లు తిరుగుతాయి, ఒంటరిగా పోకండి అల్లుడు గారూ" అని మా బావతో మరీ మరీ చెప్పాడు. తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి హిరేబెణకల్ ఊళ్ళో మేకలు కాసుకునే ఒక కుర్రాణ్ణి మాట్లాడి పెట్టాడు.

గంగావతి నుంచి కొప్పళ వైపు పది కిలోమీటర్లు పోతే హిరేబెణకల్. ఊరి హోటల్లో మండక్కి ఒగ్గరణె (మరమరాల తాలింపు), మిరపకాయ బజ్జీలు తిన్నాం. మన రాయలసీమ ఉగ్గాణీ బజ్జీకి స్వయానా అన్నదమ్ములు. రెండేసి లీటర్ల నీళ్ళ సీసాలు సంచిలో వేసుకున్నాం, పైన కొనడానికి ఏమీ ఉండదు. కుర్రాడు చేతి కర్రతో నేలకి తట్టుకుంటూ "బన్ని సార్" అని ముందు నడిచాడు.

దారి అంటే గుండ్ల మధ్య సందులే. గ్రానైట్ గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, వాటి మధ్య ముళ్ళ పొదలు. గంటకు పైనే పట్టింది. సగం దారిలో ఒక పెద్ద బండ చూరులా ముందుకు వంగి ఉంది. దాని కింద ఎర్ర రంగు బొమ్మలు. జింకలు, గుర్రాల మీద మనుషులు, చేతులు పట్టుకుని వరసగా ఆడుతున్నవాళ్ళు. జేగురు మన్నుతో వేసినవి. వాన తగలని చోట వేశారు కాబట్టి ఇంకా ఉన్నాయి. పక్కనే ఎవరో ఈమధ్య తెల్ల పెయింటుతో తమ పేరూ ఇంకొకరి పేరూ రాసుకున్నారు. బొమ్మకీ ఆ పెయింటుకీ మధ్య జానెడు దూరం కూడా లేదు. ఆ జానెడు దాటితే మళ్ళీ తెచ్చుకోగలిగింది ఏమీ ఉండదు. చూస్తుంటే కడుపు రగిలిపోయింది.

ఇంకొంచెం ఎక్కాక చిన్న గూళ్ళు మొదలయ్యాయి. మూడు పలకలు నిలబెట్టి, పైన ఒకటి మూసినవి, నడుం ఎత్తు కూడా లేనివి. కొన్ని చోట్ల కట్టడం అంటూ లేదు, పెద్ద గుండు కిందున్న ఖాళీకే చుట్టూ రాళ్ళు పేర్చి గది చేశారు. వాటిని చూస్తూ పైకి వెళ్ళామో లేదో, ఒక్కసారిగా చదునైన చోటు వచ్చింది. ఇక అక్కడ మాటలు ఆగిపోయాయి.

ఊరే అది. మనిషి కంటే ఎత్తయిన రాతి ఇళ్ళు అటూ ఇటూ, మధ్యలో నడిచే దారి. కొన్నిటి ఎత్తు పది అడుగుల దగ్గర ఉంటుంది. నాలుగు వైపులా ఒక్కో గోడకీ ఒక్కో పలక, పైన కప్పుబండ. ఒక పలకలో గుండ్రటి కంత. కొండ మొత్తం మీద ఇలాంటి కట్టడాలు చిన్నా పెద్దా కలిపి దాదాపు 400 ఉన్నాయి. క్రీస్తు పూర్వం 800కీ 200కీ మధ్య కట్టారని అంచనా. అంటే ఒకరి హయాంలో కట్టింది కాదు. తరం తర్వాత తరం, తమవాళ్ళ కోసం ఇదే కొండ ఎక్కి, ఉన్న ఇళ్ళ పక్కన ఇంకో ఇల్లు లేపుకుంటూ పోయారు.

మా బావ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి టేపు తీసి, రాతికి ఆనించకుండా దూరం నుంచే పట్టి చూశాడు. "మూడు మీటర్ల పొడుగు, రెండు మీటర్ల వెడల్పు, పావు మీటరు మందం అనుకో. గ్రానైట్ ఘనపు మీటరు 2.7 టన్నులు. నాలుగు టన్నులు ఉంటుందిరా ఒక్క కప్పుబండ." ఆ నాలుగు టన్నుల్ని మన తల కంటే ఎత్తుకి ఎలా చేర్చారో కూడా వివరించాడు. గోడ పలకలు నిలబెట్టాక పడిపోకుండా లోపలా బయటా మట్టీ రాళ్ళూ నింపి, ఒక పక్కన ఏటవాలు కట్ట పోసి, దాని మీదుగా దుంగల సాయంతో బండను లాగి ఉండాలి. ఆ తర్వాత మట్టి తీసేయాలి. "తాళ్ళు పట్టడానికి యాభై మంది కావాలి. కట్ట పొయ్యడానికి ఇంకా ఎక్కువ. వాళ్ళందరికీ ఎవరో వండి పెట్టాలి." ఈ చివరి మాటే నాకు బాగా నాటుకుంది.

పలకల కోసం వాళ్ళు దూరం పోలేదు. గ్రానైట్ బండ పగటి వేడికీ రాత్రి చలికీ ఉల్లి పొరలా పైనుంచి విడుతుంది. ఆ పొర ఎక్కడ వదులయిందో చూసుకుని, అంచున సుత్తి దెబ్బలు కొడుతూ కావలసిన కొలతకి విరిచారు. పలకల అంచుల మీద పెచ్చులు లేచిన గుర్తులు వరసగా కనిపిస్తాయి. సమాధుల నడుమ ఒక చెరువు ఉంది. రాయి తీసిన చోటే నీళ్ళు నిలిచి చెరువైందని చెబుతారు, ఏడాది పొడుగునా ఎండదట. మేం వెళ్ళినప్పుడు నిండుగానే ఉంది. పని చేసినవాళ్ళకి నీళ్ళూ అక్కడే, రాయీ అక్కడే. స్థలం ఎంచుకోవడంలోనే వాళ్ళ తెలివి ఉంది.

ఒక కంత దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. మూరెడు వెడల్పు ఉంటుందేమో. మనిషి భుజాలు దూరవు, చేయి పెట్టి ఏదైనా లోపల ఉంచవచ్చు. అంచు వెంట వేలితో తడిమితే చిన్న చిన్న సొట్టలు తగిలాయి. రంపంతో కోసింది కాదది. రాతితోనో ఇనుప ములుకుతోనో పొడిచి పొడిచి, ఇటు నుంచి సగం అటు నుంచి సగం తొలిచి, ఆ తర్వాత నున్నగా చేశారు. గ్రానైట్‌లో అలాంటి కంత తియ్యడానికి ఎన్ని రోజులు పట్టేదో మా బావ కూడా చెప్పలేకపోయాడు. లోపల ఎండుటాకులు, మేక పెంటికలు, కూలిన ఇంకో పలక ముక్క ఉన్నాయి. బయట ఎండ మండుతున్నా కంత దగ్గర మొహానికి చల్లగా తగిలింది.

ఆ కంత ఎందుకన్నదానికి పండితులు రకరకాలుగా చెబుతారు. ఆ కాలంలో చాలాచోట్ల శవాన్ని ముందు ఎక్కడో ఉంచి, మిగిలిన ఎముకలు ఏరి తెచ్చి సమాధిలో పెట్టేవాళ్ళు. అన్నీ ఒకేసారి పెట్టి మూసేసేది కాదు. వచ్చి పోతూ ఉండటానికీ, కుటుంబంలో తర్వాత పోయినవాళ్ళవి చేర్చడానికీ దారి ఉండాలి. ఆత్మ రాకపోకలకి వదిలారనీ అంటారు. ఇక్కడ నేల పైన కట్టిన గదులే ఎక్కువ కాబట్టి, అన్నీ సమాధులేనా, కొన్ని పోయినవాళ్ళ గుర్తుగా కట్టినవా అన్న చర్చ కూడా నడుస్తోంది. నాకు మాత్రం ఆ తేడా పెద్దది కాదనిపించింది. ఎముకలున్నా లేకపోయినా, పోయినవాళ్ళకి ఒక ఇల్లు ఉండాలనుకున్నారు. తాము మట్టీ గడ్డీ ఇళ్ళలో ఉంటూ వాళ్ళకి రాతి ఇల్లు కట్టారు.

ఈ చోటు గురించి మొదట రాసింది నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్. 1835లో చూశాడు. ఆ తర్వాత ఇప్పటి కర్ణాటకలో ఉన్న సురపురంలో ఉద్యోగం చేస్తూ ఆ చుట్టుపక్కల సమాధులు తవ్వించి, యూరప్‌లోని ఇలాంటి కట్టడాలతో పోల్చి వ్యాసాలు రాశాడు. వందేళ్ళ తర్వాత హైదరాబాదు సంస్థానంలో భూగర్భ శాస్త్రవేత్తగా ఉన్న లెనార్డ్ మన్ మళ్ళీ దీని సంగతి ఎత్తాడు. 1970లలో పురావస్తు పరిశోధకుడు ఎ. సుందర గారు వీటిని రకాలుగా విడదీసి వివరంగా నమోదు చేశారు. 2021లో ఇది యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.

మా కుర్రాడికి ఈ పేర్లేవీ అక్కర్లేదు. వాళ్ళ తాత చెప్పిన కథ చెప్పాడు. ఇది మోర్యర గుడ్డ, అంటే మోర్యుల గుట్ట. మోర్యులు మూడడుగుల మనుషులు. పొట్టివాళ్ళే గానీ బలం చెప్పలేనంత. ఈ బండలు ఒంటి చేత్తో ఎత్తి ఇళ్ళు కట్టుకున్నారు. ఒకనాడు ఆకాశం నుంచి నిప్పుల వాన కురిసింది, ఒక్కరూ మిగల్లేదు. మన వైపు ఇలాంటి వాటిని పాండవుల గుళ్ళు అనీ, ములుగు, పినపాక అడవుల్లో రాకాసి గుళ్ళు అనీ పిలుస్తారు. కథలు వేరయినా, ఇవి మామూలు మనుషుల పని కాదన్న ఆశ్చర్యం అన్నిట్లోనూ ఉంది. కానీ ఇవి మామూలు మనుషులే కట్టారు. ఆ సంగతి అంతకంటే పెద్ద ఆశ్చర్యం.

చివరగా నగారి గుండు దగ్గరికి తీసుకెళ్ళాడు. ముప్పై అడుగుల పైచిలుకు ఎత్తున్న బండ, దాని నెత్తిన అర్ధగోళంగా ఉన్న ఇంకో రాయి. కొడితే మోగుతుంది. ఆ మోత కిలోమీటరు అవతలికి వినపడుతుందట. మేమొద్దంటున్నా వినకుండా కుర్రాడు చకచకా ఎక్కి కర్రతో నెమ్మదిగా రెండు దెబ్బలు వేశాడు. గుళ్ళో నగారా మోతలా కాకుండా, లోహం మోగినట్టు పలికింది. ఎవరైనా పోయినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళకి కబురు అందించడానికే దీన్ని మోగించేవాళ్ళేమో అని మా బావ ఊహించాడు.

దిగేటప్పుడు పాడైన వాటిని మళ్ళీ చూశాం. చాలావాటికి కప్పుబండలు పక్కకి జారి, పలకలు బోర్లాపడి ఉన్నాయి. కొన్ని కాలానికి కూలినవి. కొన్నిటి లోపల నేల తవ్వి వదిలేసిన గుంటలు స్పష్టంగా ఉన్నాయి. నిధుల కోసం. బంగారం పెట్టుకోవడానికి కట్టినవి కావివి. మిగతా చోట్ల ఇలాంటి సమాధుల్లో దొరికేది నలుపు ఎరుపు కుండ పెంకులు, ఇనుప కత్తి, బల్లెం మొన, పూసలు. చరిత్ర రాసేవాళ్ళకి అవే బంగారం. తవ్వినవాడికి పనికిరాక విసిరేసి ఉంటాడు. ఒక్క రాత్రి పనికి ఒక సమాధి చెప్పగలిగిందంతా పోతుంది. పురావస్తు శాఖ బోర్డు కొండ కింద ఉంది. పైన కాపలా మనిషి మాకెవరూ కనిపించలేదు. ఇంత పెద్ద కొండకి ఒక్కరు సరిపోరు. ఆ ఊరి మేకల కాపర్లకే నెలకింత జీతమిచ్చి కాపలా అప్పజెబితే బాగుంటుంది, వాళ్ళకి తెలియని సందు లేదు.

సాయంత్రం కాలువ గట్టున బాబాయితో కూర్చున్నప్పుడు ఇవన్నీ చెప్పాను. ఎముకలు ఏరి పెట్టే సంగతి వినగానే "మనం చేసేదీ అదేగా" అన్నాడు. మూడో రోజు అస్థి సంచయనం, కుండలో పోసి నదికి తీసుకెళ్ళడం. చిన్నతాతయ్య పోయినప్పుడు అస్థికలు రాజమండ్రి తీసుకెళ్ళి గోదావరిలోనే కలిపారట, తుంగభద్ర పక్కనే ఉన్నా. పొలం గట్టు మీద మాత్రం ఆయనకి చిన్న సిమెంటు సమాధి కట్టారు. "ఇక్కడ ఏదో ఒకటి ఉండాలి కదరా మరి" అన్నాడు బాబాయి.

ఆదివారం

పిన్ని బియ్యం మూట కారులో పెట్టించింది. తిరుగు దారిలో సింధనూరు నుంచి పక్కకి తిరిగి మస్కీ వెళ్ళాం. ఊరి పక్క గుట్ట మీద గుహలాంటి చోట అశోకుడి శాసనం ఉంది. 1915లో బీడన్ అనే గని ఇంజినీరు బంగారం గనుల కోసం ఈ ప్రాంతంలో తిరుగుతూ గుర్తించాడు. అప్పటిదాకా దొరికిన శాసనాల్లో దేవానాంప్రియ ప్రియదర్శి అనే బిరుదులే ఉండేవి. ఆ రాజు అశోకుడేనని రాతి మీద పేరుతో తేలింది ఇక్కడే. 1954లో పురావస్తు శాస్త్రవేత్త బి.కె. థాపర్ గారు ఈ ఊళ్ళోనే తవ్వకాలు జరిపితే పెద్దరాళ్ళ సమాధులూ బయటపడ్డాయి.

శాసనం ముందు ఇనుప కమ్మీలు, పైన కప్పు. అక్షరాలు దగ్గరగా చూడొచ్చు. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం. హిరేబెణకల్ కొండ మీద రాతి ఇళ్ళు కట్టడం అప్పటికి ఇంకా ఆగి ఉండకపోవచ్చు. కొప్పళలో గవిమఠం, పాల్కిగుండు అనే రెండు చోట్ల కూడా అశోకుడి శాసనాలున్నాయి, ఆ కొండకి ఇంకా దగ్గర. రాజు మనుషులు వచ్చి బండ మీద అక్షరాలు చెక్కుతుంటే, ఆ సమాధులు కట్టినవాళ్ళ పిల్లలో మనవలో పక్కన నిలబడి చూసి ఉండొచ్చు. వాళ్ళు మాత్రం తమ రాళ్ళ మీద ఒక్క అక్షరం రాయలేదు. అక్షరం ఉన్న బండకి మనం కమ్మీలు పెట్టాం. అక్షరం లేని 400 ఇళ్ళు చెప్పేది కూడా తక్కువేమీ కాదు. వాటిని చదవడానికి ఆ రాతి అంచులు, కంతలు, ఏ ఇల్లు ఏ ఇంటి పక్కన ఉందో ఆ వరస అలాగే మిగలాలి.

రాయచూరు దాటుతుండగా బాబాయి ఫోన్ చేశాడు. సంక్రాంతి సెలవులకి మనవళ్ళు బెంగుళూరు నుంచి వస్తారట, వాళ్ళని కొండకి తీసుకెళ్ళాలట. "ఆ కుర్రాడి నంబరు పంపరా. ఎండ ముదరకముందే దిగేట్టు ఎన్నింటికి బయల్దేరాలో కూడా రాయి" అన్నాడు. ఆరింటికల్లా కొండ మొదట్లో ఉండమని, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తప్పనిసరని, పిల్లల్ని కప్పుబండల మీదికి ఎక్కనివ్వొద్దని అక్కడే కారాపి మెసేజ్ పెట్టాను.